ఎదుటి కుర్చీలో రచయిత

ఎండాకాలం మొదట్లో, కొండ మీంచి కొత్త చింతపండు దిగే రోజుల్లో, నర్సీపట్నం బజారులో ఒక వాసన ఉంటుంది. పులుపు, తడి గోనె, దుమ్ము కలిసిన వాసన. మొన్న సంతరోజున నేనెక్కిన ఆటో సరిగ్గా అక్కడే ఇరుక్కుంది. ముందు వ్యానులోంచి బుట్టలు దింపుతున్నారు. వెనక బస్సువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. మా ఆటో అబ్బాయి ఇంజను ఆపేసి ప్రపంచంతో రాజీపడి కూర్చున్నాడు. మామూలుగా అయితే నేను దిగి ఎవరో ఒకరితో తగువు పెట్టుకునేదాన్ని. ఆ వేళ పెట్టుకోలేదు. ఒళ్ళో విశ్వవిద్యాలయ పత్రికవాళ్ళు సమీక్షకి పంపిన కొత్త పుస్తకం ఉంది. పుస్తకం జిగురు వాసనా, బయటి చింతపండు వాసనా ఒక్కసారే ముక్కుకి తగిలేసరికి సలోమి మేడమ్ గుర్తొచ్చారని చెప్పవచ్చు గానీ అది పూర్తి నిజం కాదు. మరిచిపోతే కదా గుర్తు రావడం. ఎప్పటిలాగే వచ్చి మనసులో ఎదురుగా కూర్చున్నారు.

ఆవిణ్ణి ఎరగనివాళ్ళకి ముందు ఆవిడెవరో చెప్పాలి. సమీక్షకైనా అదే పద్ధతి అనేవారు: చదివేవాడు ఆ పుస్తకం మొహం చూడలేదనుకుని మొదలుపెట్టాలి. సలోమి మేడమ్ మా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. మిషన్ చర్చి కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. నర్సుగా చేసిన చెల్లెలు మార్తమ్మతో కలిసి బలిఘట్టం రోడ్డులో పెంకుటింట్లో ఉండేవారు. సన్నంచు నేతచీర, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, బల్ల మీద పెన్సిళ్ళు పెట్టుకునే ఏటికొప్పాక లక్కడబ్బా, అంతే ఆమె ఆడంబరం. క్లాసులో అచ్చు పుస్తకంలా మాట్లాడేవారు. గంట కొట్టి స్టాఫ్ రూమ్ గడప దాటగానే ఇంటి భాషలోకి దిగిపోయేవారు. నేను ఎకనామిక్స్‌కి కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాను. మాది చెరకూ జీడిమామిడీ పండించే ఇల్లు. నా నోరు గురించి మా అమ్మ, "ఇది పొలంలోకెళ్తే చెరకు రసం ఇంకిపోద్ది" అనేది. కాలేజీలో కూడా ఆ కీర్తి నాకంటే ముందే చేరింది.

చేరిన కొత్తలోనే ఒక పత్రికకి సమీక్ష రాశాను. పుస్తకం మా ప్రాంతపు చెరకు రైతుల మీద. రాసింది పేరున్న ప్రొఫెసరు. చెరకు తోటలో పెరిగిన పిల్లని, నాకు చెప్పడానికి వీడెవడని ఒళ్ళు మండి, ఆ మంటలోనే నాలుగు పేజీలు రాసేశాను. "ఫ్యాను కింద కూర్చుని చెరకు నమిలినవాడి పుస్తకం" అన్నది నా మొదటి వాక్యం. ఆ వాక్యం మీద నాకు చాలా ముద్దు. తీసుకెళ్ళి మేడమ్ చేతిలో పెట్టాను, మెచ్చుకుంటారని. ఆవిడ చదివి, కాగితాలు బోర్లించి, మీద లక్కడబ్బా పెట్టారు. తన పేము కుర్చీ జరుపుకుని సరిగ్గా నాకెదురుగా వేసుకున్నారు.

"ఇప్పుడు నేనే ఆ ప్రొఫెసర్ని. రాసింది నా మొహమ్మీద సెప్పు."

"చదివారుగా, మళ్ళీ చెప్పడమెందుకండీ?"

"కాయితం మీద ఎవులైనా పులే. సెప్పు. నా పుస్తకం ఏటి సెప్తంది?"

"చెరకు రైతుల గురించి..."

"అది అట్ట మీదే ఉంది. లోపలేటుంది?"

"రైతులు చెరకు మానేసి సరుగుడు ఎందుకు వేస్తున్నారో రాశారు."

"ఎందుకేస్తన్నారన్నాను?"

"కూలీలు దొరక్క."

"అదొక్కటే అన్నానా? నాలుగో అధ్యాయం సదివేవా?"

"చదివానండీ."

"సదివేవు. కోపంగా సదివేవు. కోపంగా సదివితే మన గుండె సప్పుడే వినబడతాది గుంటా, పుస్తకం వినబడదు."

నేను ఊరుకునే రకాన్ని కాదు. తప్పుని తప్పనకపోతే సమీక్ష ఎందుకు, అభినందన కార్డు పంపుకోవచ్చు కదా అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ అన్నారు: "అను. ఎవులొద్దన్నారు? కానీ ముందు ఆయన పుస్తకాన్ని ఆయనకంటే బాగా సెప్పు. ఇని, అవును, నేనన్నది ఇదే అని ఆయనే తలూపాల. ఆ తరవాత తప్పు సూపించు. అప్పుడింక పారిపోడానికి దారుండదు." ఇంకోటి కూడా అన్నారు. రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళ గురించి ఒక్క ముక్కా లేదని నేనొక పేరా రాశాను. "అది నువ్వు రాయాల్సిన పుస్తకం. ఆయన రాయని పుస్తకానికి ఆయన్ని కొట్టకు. రాసిన వాక్యం పట్టుకో, పేజీ నెంబరు ఎయ్యి."

మళ్ళీ చదివాను, మళ్ళీ రాశాను, మళ్ళీ ఆ కుర్చీ ముందు కూర్చున్నాను. ఎదుట మనిషి ఉంటే నోరు రాని వాక్యాలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. ఫ్యాను వాక్యం కూడా పోయింది. చివరికి మిగిలింది రెండు పేజీలు. అందులో తిట్టు లేదు. ప్రొఫెసరు గారి లెక్క ఒకే మండలంలో నిలుస్తుంది, దాన్ని జిల్లాకంతటికీ ఎలా అంటగట్టారని మాత్రం ఉంది, ఏ పేజీలో అంటగట్టారో ఉంది. అచ్చయ్యాక ఆయనకి ఆ రెండు పేజీలు నా పాత నాలుగు పేజీల కంటే గట్టిగా తగిలాయని విన్నాను. అందుకు నేను విచారించానని చెబితే నన్నెరిగినవాళ్ళెవరూ నమ్మరు.

ఆ తరవాత ఏది రాసినా ఆవిడ కుర్చీకి అప్పజెప్పిన తరవాతే పంపేదాన్ని. ఒకరోజు ఆవిడ జమీందారీ లెక్కలు రాసిన ముసలి పరిశోధకుడు, మరో రోజు నా వయసు పిల్ల రాసిన మొదటి పుస్తకం. కొత్త పిల్ల అయిన రోజున గొంతు కూడా కొంచెం బెదిరేది, నటన అని తెలిసినా నా మాట మెత్తబడేది. పుస్తకాన్ని మొదటిసారి పెన్సిలు లేకుండా చదవమనేవారు. చుట్టానికి ముందు మంచినీళ్ళిచ్చి కదా కుశలం అడుగుతాం అనేవారు. రెండోసారికి పెన్సిలు ఇచ్చేవారు. ఇంతకు ముందు ఇదే సంగతి మీద వచ్చిన పుస్తకాల పక్కన దీన్ని నిలబెట్టి చూడమనేవారు, పొడుగో పొట్టో అప్పుడే తెలుస్తుందని. మన దగ్గర రెండే రకాల సమీక్షలున్నాయని ఆవిడ ఫిర్యాదు. ఒకటి శాలువా, ఒకటి కత్తిపీట. "రెండిటికీ పుస్తకం తెరవక్కర్నేదు, అదే సదుపాయం" అనేవారు. నేను కత్తిపీట జాతిదాన్నని వేరే చెప్పలేదు.

ఆవిడ కూడా ఒక పుస్తకం రాశారు. జీవితానికి ఒక్కటే. కొండకీ మైదానానికీ మధ్య మన సంతలు ఎలా నడిచాయి, చింతపండూ పసుపూ అడ్డాకులూ ఎవరి తల మీంచి దిగి ఎవరి బండి మీద యలమంచిలి స్టేషనుకి చేరాయి, మధ్యలో ధర ఎవరు కట్టారు అన్నది దాని విషయం. సెలవులన్నీ పాత తాలూకా కచేరీ కాగితాల మధ్య గడిపారు. దుమ్ము పడక దగ్గు వచ్చిందో, ఉన్న దగ్గుకి దుమ్ము తోడైందో గాని, రిటైరై పుస్తకం అచ్చయ్యేనాటికి ఊపిరితిత్తులు బాగా చెడ్డాయి. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేవారు.

పుస్తకావిష్కరణ ఊళ్ళో కల్యాణమండపంలో పెట్టారు. వక్తలు చాలామంది. ఒకాయన మేడమ్ ఓర్పుని పొగిడారు, ఒకాయన సేవని, ఒకాయన ఆమె తండ్రి గారి నిజాయితీని. ఒకాయన మాత్రం పుస్తకం ప్రస్తావన తెచ్చి "ఇంత చక్కని నవల" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఉక్కలో ఆవిడ భుజాల మీద శాలువా మీద శాలువా కప్పారు. మార్తమ్మ గారు వెనక నుంచి వెళ్ళి ఒక్కొక్కటీ తీసి మడతపెట్టకపోతే ఊపిరాడక అక్కడే పడిపోయేవారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆ శాలువాల మూట నా ఒళ్ళో ఉంది. చాలాసేపటికి ఆవిడ అడిగారు.

"ఎవులైనా ఏటైనా అడిగేరా వరం?"

వరలక్ష్మి నా పేరు. వరం అని పిలిచేది ఆవిడొక్కరే.

"ఏం అడగాలండీ?"

"ఏదైనా. ఒక్క ప్రశ్న."

నేను ఒళ్ళోని మూట సర్దుకున్నాను. ఆవిడ రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు.

కొన్నాళ్ళకి పత్రిక సంపాదకులు ఫోన్ చేసి ఆ పుస్తకాన్ని నన్నే సమీక్షించమన్నారు. ఆవిడ నా గురువు, వేరే ఎవరినైనా చూసుకోండి అన్నాను. ఈ సంతల సంగతి తెలిసిన సమీక్షకులు వేరే దొరకలేదని, ఆవిడ నా గురువన్న మాట మొదటి వాక్యంలోనే రాసేసి మిగతాది నిజాయితీగా రాయమని అన్నారు. ఒప్పుకున్నాను. మొదటిసారి పెన్సిలు లేకుండా చదివాను. గర్వం వేసింది. అంత మంచి పుస్తకం మా ఊరి మీద రాలేదు, ఇప్పటికీ రాలేదు. రెండోసారి పెన్సిలు పట్టుకున్నాను. రెండో అధ్యాయంలో ఒక పాత అధికారి పైవాళ్ళకి పెట్టుకున్న మొర ఉంది: తూకం దగ్గర తగువొచ్చి కొండవాళ్ళు వారాల తరబడి చింతపండు దించలేదు, సంత బోసిపోయింది, వర్తకులు గోల పెడుతున్నారు అని. చివరి అధ్యాయంలో మేడమ్ సొంత వాక్యం ఉంది: కొండవాళ్ళు తమ సరుకుని ఏ ధర ఇస్తే ఆ ధరకి, మారుమాట లేకుండా, ఎప్పుడూ అప్పగించేసేవారు అని. పుస్తకం తేల్చిన విషయమంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది. పెన్సిలు ఆ రెండు పేజీల మధ్య తిరుగుతూ ఉండిపోయింది.

సమీక్ష రాశాను. ఆ రెండు పేజీల ఊసు ఎత్తకుండా రాశాను. ఎందుకు ఎత్తలేదో నాకు నేను బాగానే చెప్పుకున్నాను: ఆవిడకి ఒంట్లో బాగులేదు, ఇది ఆఖరు పుస్తకం, ఒక వాక్యం కోసం ఏమిటీ రభస. పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ తలగడలు ఎత్తుగా పెట్టుకుని మంచం మీద ఉన్నారు. నన్ను చూసి లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి పేము కుర్చీలో కూర్చున్నారు.

"అక్కా, బేగి కానియ్యి. ఎక్కువ మాటాడితే ఆయాసమొచ్చేస్తాది" అని మార్తమ్మ గారు కాఫీ పెట్టి గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఈ రోజు నటనక్కర్నేదు," మేడమ్ నవ్వారు. "రచయితని నేనే. సెప్పు."

పుస్తకం ఏం అడిగిందో చెప్పాను, ఏం జవాబిచ్చిందో చెప్పాను, దీనికి ముందు వచ్చినవాటి పక్కన ఎక్కడ నిలుస్తుందో చెప్పాను. ఆవిడ ఒక్కొక్కదానికీ తల ఊపుతున్నారు. చివరికి వచ్చేసరికి నా గొంతు కొంచెం వడివడిగా నడిచిందనుకుంటా.

"ఆగు. ఏదో సెప్పకుండా ఒగ్గేసేవు."

"ఏమీ లేదండీ."

"నీ మొహం నాకు తెలవదేటి? తగువు దొరికితే నీకు ముక్కు ఎర్రబడతాది. ఎర్రగానే ఉంది. ఏ పేజీ?"

చెప్పాను. ఆవిడ కొంతసేపు ఊపిరి తీసుకున్నారు. తరవాత నిటారుగా కూర్చున్నారు. నేను అనుకున్నట్టు తల వంచలేదు సరికదా, తగువుకే దిగారు.

"నేను వర్తకుల గురించి రాసేను. కొండోళ్ళ గురించి వేరే పుస్తకం రావాల. నేను రాయని పుస్తకానికి నన్ను కొడతన్నావు."

"లేదండీ. రాసిన వాక్యానికే. ఎప్పుడూ అని రాశారు. మారుమాట లేకుండా అని రాశారు. రెండో అధ్యాయంలో వాళ్ళు సంత సంతే ఆపేస్తే అది మారుమాట కాదా?"

"అది ఒక్కసారి."

"ఒక్కసారి జరిగినా, ఎప్పుడూ అన్న మాట చెల్లదు కదండీ. ఆ మొర వెతికి తెచ్చింది మీరే."

మార్తమ్మ గారు లోపలికి వచ్చారు. "ఏటమ్మా వరలక్ష్మీ, మడిసి ఊపిరి కోసం కొట్టుకుంటంటే ఎప్పుడూ అన్నాదా, ఒకసారి అన్నాదా అని పంచాయితీయా? ఇంటికెళ్ళు."

"నువ్వుండు మార్తా," అన్నారు మేడమ్. గొంతులో దెబ్బలాట పోయింది. పుస్తకం తీసుకుని చివరి అధ్యాయం తెరిచి, ఆ వాక్యం మీద వేలు పెట్టారు. "ఇక్కడికొచ్చేసరికి నాకు ఆళ్ళ మీద జాలి ఎక్కువైపోయింది వరం. అన్నేళ్ళు ఆ కాయితాలు సదివి సదివి... పాపం అనుకున్నాను. పాపం అనుకున్నాక ఆళ్ళు ఎదురుతిరిగింది కూడా కనబడనేదు. జాలి పడితే ఎదటోడి నోరు మనమే నొక్కేస్తాం." తలెత్తి నన్ను చూశారు. "నువ్వు ఈ ముక్క ఎందుకొగ్గేసేవు?"

నేను కాఫీ గ్లాసు అందుకున్నాను.

"అదే. నా మీద జాలేసింది. రాయి. పేజీ నెంబర్లు రెండూ ఎయ్యి. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, ఇంకోటి పెట్టడానికి సోటు నేదు."

రాశాను. పత్రిక వచ్చాక ఆవిడ చదివి ఫోన్ చేశారు. మాట మాటకీ మధ్య గాలి కోసం ఆగుతూ, మూడో పేరాలో రెండో వాక్యం అనవసరంగా పొడుగైందని, మిగతాది బాగుందని అన్నారు. "నా పుస్తకాన్ని ఒక మడిసి సదివింది" అన్నారు. పెట్టేసే ముందు, ఆ మొర ఒక్కదాన్నే పట్టుకుని నువ్వు కూడా మరీ ఎక్కువ లాగేవేమో చూసుకో, దాని మీద మనిద్దరం మాట్లాడాలి అన్నారు. ఆ మాట్లాడడం కుదరలేదు. వానలు పడకముందే పోయారు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరు గారు పుస్తకాన్ని పైకెత్తి చూపించారు. మళ్ళీ ఓర్పు, మళ్ళీ సేవ. నవల అన్నాయన కూడా వచ్చారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. నేను పత్రిక తీసి సమీక్ష చదివాను, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, పేజీ నెంబర్లతో సహా. ఆ రెండు పేజీల దగ్గరికి వచ్చేసరికి బెంచీలు కిర్రుమన్నాయి. నేను ఆగలేదు. ఇక్కడ ఆపితే జాలితో ఆవిడ నోరు నొక్కినట్టే అనుకున్నాను. బయటికి వచ్చాక మార్తమ్మ గారు అందరి ముందూ నన్ను నిలదీశారు.

"సచ్చిపోయిన మడిసి మీద కూడా తప్పులెంచేవు. తృప్తేనా?"

మేడమే రాయమన్నారని మార్తమ్మ గారికీ తెలుసు. ఆ రోజు కాఫీ గ్లాసులు తీస్తూ అంతా విన్నది ఆవిడే. అయినా తోడబుట్టినదాన్ని మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి తర్కం చెప్పేంత మూర్ఖురాలిని కాను. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆ ఇంటితో నాకు బంధం తెగిపోయిందనే అనుకున్నాను.

వానాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం మా ఇంటి గేటు చప్పుడైంది. మార్తమ్మ గారు. తడిసిన గొడుగు గుమ్మానికి ఆనించి, ప్లాస్టిక్ సంచీలోంచి మేడమ్ పుస్తకం తీశారు. దాన్నిండా మందుల చీటీల ముక్కలు గుర్తులుగా పెట్టి ఉన్నాయి.

"మా అక్క ఉన్నన్నాళ్ళూ తను రాసింది నేను సదవనేదు," అన్నారు. "అందరూ బాగుందన్నారు కదా, ఇంక నేను సదివేదేటి అనుకున్నాను. నువ్వు తప్పన్నావు. ఎంత పొగరు, ఎక్కడుందో సూద్దారని తీసేను. నా సదువుకి మూడు నెల్లు పట్టింది." ఒక చీటీ దగ్గర పుస్తకం విప్పి నా ముందు తోశారు. "సివరి అధ్యాయంలో నువ్వన్నది నిజమే. అది ఒప్పుకుంటాను. మూడో అధ్యాయంలో తూకాల సంగతి మాత్రం నువ్వు సరిగ్గా సెప్పనేదు. అక్క అంతకంటే బాగా రాసింది. ఏ పేజీయో సూపిస్తాను, కూకో."

కూర్చున్నాను. ఆ సాయంకాలం మేమిద్దరం గట్టిగానే దెబ్బలాడుకున్నాం. ఒక చోట ఆవిడ నెగ్గారు.

ఆటో మొత్తానికి కదిలింది. చింతపండు బుట్టలు దించిన ఆడమనిషి ఒకామె తూకం దగ్గర నిలబడి వర్తకుడితో గొంతు చించుకుంటోంది. అతను చేతులెత్తి ఏదో నచ్చజెబుతున్నాడు. ఆమె బుట్ట వెనక్కి లాక్కుంది. తరవాతేమైందో చూడలేదు, మేం సందు తిరిగిపోయాం. నేను బలిఘట్టం రోడ్డులోని ఆ పెంకుటింటికి వెళ్తున్నాను. ఈ కొత్త పుస్తకం రాసిన పిల్లని నేను చూడలేదు. చూడక్కర్లేదు. సంచీలో నా సమీక్ష చిత్తుప్రతి ఉంది, మూడు చోట్ల కత్తిపీట, ఒక చోట శాలువా, నాకే తెలుస్తోంది. మార్తమ్మ గారు కాఫీ పెట్టి, పేము కుర్చీలో సర్దుకుని, అక్క కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఎప్పటిలాగే అంటారు.

"ఊఁ. నేనే రాసేననుకో. సెప్పు."